'సే'నా, 'టెల్'ఆ? దగ్గరి ఇంగ్లిష్ మాటలను విడదీసి వాడుకోవడం ఎలా

ఇంట్లో తాగేవి నీళ్లు. గుళ్లో పూజారిగారు అరచేతిలో పోస్తే తీర్థం. ట్రిబ్యునల్ ముందుకు వెళ్తే కృష్ణా జలాలు. వస్తువు ఒకటే, పేర్లు మూడు. అయినా 'అమ్మా, కాస్త జలం ఇవ్వు' అని ఏ పిల్లాడూ అడగడు. 'పూజారిగారూ, కొంచెం నీళ్లు పోయండి' అని మనమూ చెయ్యి చాచం. ఈ తేడా మనకు ఏ క్లాసులోనూ చెప్పలేదు. ఎక్కడ ఏది వినబడిందో అక్కడ అదే అనడం అలవాటైపోయింది.

ఇంగ్లిష్ దగ్గరికి వచ్చేసరికి కథ వేరు. 'సే అంటే చెప్పుట, టెల్ అంటే చెప్పుట, స్పీక్ అంటే మాట్లాడుట, టాక్ అంటే మాట్లాడుట' అని గైడులో చదివి పరీక్ష రాశాం. అర్థం వచ్చు, వాడటం రాదు. నా మొదటి ఉద్యోగంలో ఒక అమెరికన్ క్లయింటుతో ఫోన్లో మాట్లాడుతూ, 'ఐ హావ్ ఎ డౌట్' అని మూడుసార్లు అన్నాను. మూడోసారి అన్నాక అవతల కాసేపు మాటలేదు. ఆ తర్వాత, 'మా ప్లాన్‌లో మీకు ఏ భాగం మీద నమ్మకం లేదు?' అని అడిగాడు. నేను అడగాలనుకున్నది ఒక తేదీ గురించి. అక్కడ అనాల్సింది 'క్వశ్చన్'. ఆ ఫోన్ పెట్టేశాక మొదలుపెట్టిన పద్ధతి ఇది. తర్వాత చాలామందికి నేర్పాను. పనిచేస్తుంది, కాకపోతే ఒక నోటుబుక్కు, రోజుకు ఇరవై నిమిషాలు పెట్టాలి.

1వ అడుగు: తెలుగు మాట దగ్గర మొదలుపెట్టండి

ఇంగ్లిష్ మాటల పట్టిక ముందేసుకుని 'ఎ' నుంచి కంఠస్థం చేయకండి. మీరు తడబడే చోటు తెలుగులో ఉంది. నోట్లో వాక్యం తెలుగులో తయారై, ఒక క్రియ దగ్గర ఆగిపోతుంది. 'చెప్పు' దగ్గర, 'చూడు' దగ్గర, 'గుర్తు' దగ్గర, 'అప్పు' దగ్గర. ఒక వారంపాటు అలా ఆగిపోయిన ప్రతిసారీ ఆ తెలుగు మాటను ఫోన్లో రాసుకోండి. వారం చివర చూస్తే పది, పన్నెండుకు మించి ఉండవు. అవే మళ్లీ మళ్లీ ఇబ్బంది పెడుతుంటాయి.

ఒక్కో తెలుగు మాట కింద మూడు, నాలుగు ఇంగ్లిష్ మాటలు మాత్రమే పెట్టుకోండి. ఇక్కడ ఆశ పనికిరాదు. పర్యాయపదాల పుస్తకం తెరిస్తే 'చెప్పు'కు యాభై దొరుకుతాయి. ఇంగ్లిష్‌లో ఆ తరహా పుస్తకాల్లో బాగా పేరున్నది రోజే అనే వైద్యుడు కూర్చినది, 1852లో లండన్‌లో వచ్చింది. తమాషా ఏమిటంటే, మన బ్రౌన్ దొర తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు మద్రాసులో అచ్చయిందీ 1852లోనే. రెండిటి పనీ వేరు. రోజే పుస్తకం మాటలన్నీ ముందే తెలిసి, సమయానికి నోటికి రానివాళ్ల కోసం. తెలియనివాళ్లు దాన్ని తెరిచి ఒక మాట ఏరుకుంటే, పెళ్లి పిలుపులో తద్దినం మాట పడ్డట్టే ఉంటుంది.

2వ అడుగు: ఆ మాటను ముందు తెలుగులోనే చీల్చండి

చాలామంది వదిలేసే అడుగు ఇదే. అసలు లాభమంతా ఇక్కడే ఉంది. మనకు అన్నిటికీ ఒకటే మాట ఉందని, ఇంగ్లిష్‌లోనే నాలుగున్నాయని అనుకుంటాం. నిజానికి తెలుగులోనూ నాలుగుంటాయి. మనమే గమనించం.

'చెప్పు' సంగతి చూడండి. 'రేపు వస్తానన్నాడు.' 'రేపు వస్తానని నాకు చెప్పాడు.' మొదటిదాంట్లో 'అను' ఉంది, ఎవరితో అన్నాడో లేదు. రెండోదాంట్లో 'చెప్పు' ఉంది, 'నాకు' కూడా ఉంది. ఇంగ్లిష్‌లో సరిగ్గా ఇదే విభజన. 'హి సెడ్ హి వుడ్ కమ్ టుమారో.' 'హి టోల్డ్ మీ హి వుడ్ కమ్ టుమారో.' అంటే 'సే' మన 'అను', 'టెల్' మన 'చెప్పు'. 'టెల్' వెనకాల వినే మనిషి ఉండి తీరాలి. 'హి సెడ్ మీ' అనేది మనవాళ్ల నోట రోజూ వినబడే తప్పు. అది 'హి టోల్డ్ మీ' కావాలి, లేదంటే 'హి సెడ్ టు మీ' కావాలి.

ఇంకా ముందుకు వెళ్దాం. తెలుగులో అబద్ధం చెప్తాం, నిజం చెప్తాం, కథ చెప్తాం. అబద్ధం అనం, కథ అనం. ఇంగ్లిష్‌లోనూ 'టెల్ ఎ లై', 'టెల్ ద ట్రూత్', 'టెల్ ఎ స్టోరీ'. వీటికి 'సే' పడదు. వీటి దగ్గర వినే మనిషి లేకపోయినా ఫర్వాలేదు, 'హి టోల్డ్ ఎ లై' అని ఆపేయొచ్చు. మన చెవికి ఇప్పటికే తెలిసిన సంగతిని ఇంగ్లిష్‌కి అప్పిస్తున్నామంతే.

పోలిక తెగే చోటు కూడా ఉంటుంది, దాన్ని ఎర్ర పెన్నుతో రాసుకోవాలి. మనం సారీ చెప్తాం, థ్యాంక్స్ చెప్తాం. ఇంగ్లిష్‌లో ఇవి 'సే సారీ', 'సే థ్యాంక్స్', 'సే హలో'. నోటితో అచ్చంగా ఆ మాటే అంటున్నాం కాబట్టి 'సే' వచ్చింది. ఇంకో తెగే చోటు: 'బోర్డు మీద రాసుంది', 'పేపర్లో పడింది', 'గడియారంలో పదైంది' అంటాం మనం. ఇంగ్లిష్‌లో బోర్డు, పేపరు, గడియారం అన్నీ 'సే' చేస్తాయి. 'ద బోర్డ్ సేస్ క్లోజ్డ్.' రాతకు నోరిచ్చేశారు.

మిగిలింది 'మాట్లాడు'. 'స్పీక్', 'టాక్' చాలాచోట్ల ఒకదాని బదులు ఒకటి నడుస్తాయి. భాష అయితే 'స్పీక్' మాత్రమే, 'షి స్పీక్స్ తమిళ్'. ఫోన్లో మర్యాదగా అడిగేటప్పుడూ 'మే ఐ స్పీక్ టు...' అనే అంటారు. ఇద్దరు కూర్చుని కబుర్లాడుకుంటే 'టాక్'. మేనేజరు మీతో 'వి నీడ్ టు టాక్' అంటే మాత్రం అవి కబుర్లు కావు, సిద్ధంగా వెళ్లండి.

'చూడు'ను కూడా ఇలాగే చీల్చండి. 'కనబడింది' అంటే 'సీ', మన ప్రయత్నం లేకుండా కంట్లో పడటం. 'ఇటు చూడు' అంటే 'లుక్', కన్ను అటు తిప్పడం. 'చూస్తూ కూర్చున్నాడు' అంటే 'వాచ్', కదిలేదాన్ని, మారేదాన్ని కొంతసేపు చూడటం. కాబట్టి క్రికెట్ మ్యాచ్ 'వాచ్' చేస్తాం, ఫొటో వైపు 'లుక్ ఎట్', బజార్లో స్నేహితుణ్ని 'సీ'. డాక్టరుకు చూపించుకోవడం 'సీ ఎ డాక్టర్'. 'వాచ్ ఎ డాక్టర్' అంటే ఆయన క్లినిక్ ఎదురుగా టీ కొట్లో కూర్చుని నిఘా వేసినట్టు.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. 'హోప్', 'విష్', 'ఎక్స్‌పెక్ట్' మూడిటికీ గైడులో 'ఆశించుట' అనే ఉంటుంది. మన నోట మాత్రం మూడు వేర్వేరు వాక్యాలున్నాయి. 'వాన పడాలి, పడితే చాలు' అంటే 'హోప్', జరగొచ్చు, జరగాలని కోరిక. 'నాకూ ఒక చెల్లి ఉంటే బావుండు' అంటే 'విష్', లేదని తెలిసి అనుకోవడం. 'ఐ విష్ ఐ హ్యాడ్ ఎ సిస్టర్.' ఇప్పటి సంగతికే 'హ్యాడ్' అని భూతకాలం పెట్టడం వింతగా ఉంటుంది కానీ, మన 'ఉంటే' చేసే పనే అక్కడ అది చేస్తోంది. 'ఆరింటికల్లా వచ్చేస్తాడులే' అంటే 'ఎక్స్‌పెక్ట్', కోరికతో పనిలేదు, లెక్క ప్రకారం జరుగుతుందని. అందుకే అధికారికి మెయిల్ రాసి చివర 'ఐ ఎక్స్‌పెక్ట్ యువర్ రిప్లై' అంటే, జవాబివ్వాల్సిందే అని బల్ల గుద్దినట్టు ఉంటుంది. 'ఐ లుక్ ఫార్వర్డ్ టు యువర్ రిప్లై' అనండి. ఆ 'టు' తర్వాత క్రియ వస్తే 'ఇంగ్' తగిలించాలి, 'లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ' అన్నట్టు.

3వ అడుగు: ఆ మాట ఎవరితో తిరుగుతుందో పట్టుకోండి

ఒక మాట సంగతి దాని సావాసం చూస్తే తెలుస్తుందని జె.ఆర్. ఫిర్త్ అనే ఇంగ్లండ్ భాషావేత్త 1957లో రాశారు. అంతకు చాలాముందు, 1919 నుంచి 1928 దాకా, ఆయన లాహోర్‌లో పంజాబ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్ ప్రొఫెసరు. పరాయి భాషల మధ్య బతికినవాళ్లకు ఈ సంగతి తొందరగా తట్టేది కాబోలు.

సావాసం చూడటానికి నేర్చుకునేవాళ్ల నిఘంటువు కావాలి. ఇంగ్లిష్–తెలుగు నిఘంటువు అర్థం చెప్పి వదిలేస్తుంది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ సంస్థలు నేర్చుకునేవాళ్ల కోసం వేరే నిఘంటువులు వేశాయి, మూడూ ఇంటర్నెట్లో ఉచితం. ఆక్స్‌ఫర్డ్‌వాళ్లది మొదట హార్న్‌బీ అనే టీచరు జపాన్ పిల్లలకు ఇంగ్లిష్ నేర్పుతూ తయారుచేసింది, 1942లో అక్కడే అచ్చయింది. ఇంగ్లిష్ ఇంట్లో మాట్లాడనివాళ్ల కష్టం తెలిసిన మనిషి చేసిన పుస్తకం కాబట్టి మనకూ అతుకుతుంది.

అందులో మాట తెరిచాక అర్థం చదివి మూసేయకండి. అర్థం పక్కన సన్న అక్షరాల్లో 'టెల్ సమ్‌బడీ సమ్‌థింగ్' అని, 'సే సమ్‌థింగ్ టు సమ్‌బడీ' అని ఉంటుంది. అసలు సరుకు అదే. 'సమ్‌బడీ' అంటే అక్కడ మనిషి రావాలి, 'సమ్‌థింగ్' అంటే వస్తువో సంగతో రావాలి. తర్వాత కిందున్న ఉదాహరణల్లో రెండు, మీకు నిజంగా పనికొచ్చేవి, రాసుకోండి. లండన్ వాతావరణం గురించిన ఉదాహరణ మనకెందుకు? మీ ఆఫీసుకో మీ కాలేజీకో సరిపోయేలా పేర్లు మార్చి రాయండి.

4వ అడుగు: దిశ ఉందేమో చూడండి

కొన్ని జంటలకు అర్థంలో తేడా ఉండదు, ఎటు నుంచి ఎటు అన్నదే తేడా. 'బారో', 'లెండ్' అలాంటివే. వస్తువు నా దగ్గరికి వస్తే నేను 'బారో' చేశాను. నా దగ్గర్నుంచి వెళ్తే 'లెండ్' చేశాను. 'బారో'కు 'ఫ్రమ్', 'లెండ్'కు 'టు'. పక్క బెంచీవాణ్ని పెన్ను అడుగుతూ 'కెన్ యూ బారో మీ యువర్ పెన్' అంటే, దానం చేయమంటూ చెయ్యి వెనక్కి పెట్టుకున్నట్టు. 'కెన్ ఐ బారో యువర్ పెన్' అనో, 'కెన్ యూ లెండ్ మీ యువర్ పెన్' అనో అనాలి. కిరాణా కొట్లో ఖాతా రాయించుకుని తెచ్చుకునే అరువు మాత్రం ఈ రెండిట్లోకీ రాదు. అది 'ఆన్ క్రెడిట్'. బియ్యం తిరిగి ఇవ్వం కదా, డబ్బు ఇస్తాం.

'బ్రింగ్', 'టేక్' మనకు పెద్ద కష్టం కాదు. తీసుకురా, తీసుకెళ్లు అంతే. అసలు తంటా 'కమ్', 'గో'తో. ఎవరింటికైనా వెళ్లి లేచేటప్పుడు మనం 'వెళ్తాను' అనం, 'వస్తాను' అంటాం. అది మన మర్యాద. ఆ అలవాటులో ఒక ఇంగ్లిష్ మనిషి ఇంట్లోంచి బయల్దేరుతూ 'ఓకే, ఐ విల్ కమ్' అంటే, మళ్లీ ఎప్పుడొస్తావో అని ఆయన టీ గిన్నె పొయ్యి మీదే ఉంచుతాడు.

5వ అడుగు: సందర్భాన్ని బట్టి పేరు మారే గుంపులు

వీటిని విడిగా పెట్టుకోండి, ఎందుకంటే ఇక్కడ వాక్య నిర్మాణంతో పనిలేదు. ఎవరు ఎవరికి ఎందుకిచ్చారు అన్న ప్రశ్న చాలు. డబ్బు మాటలు దీనికి మంచి ఉదాహరణ.

ముందు మనం పుచ్చుకునేవి. అడ్డా మీద నిలబడి పనికెళ్లినవాడికి కూలి, ఇంగ్లిష్‌లో 'వేజెస్'. నెల తిరిగేసరికి బ్యాంకులో పడేది జీతం, 'శాలరీ'. హౌస్ సర్జన్‌కు వచ్చేది 'స్టైపెండ్', ఎందుకంటే ఇంకా నేర్చుకుంటున్నాడు. అంగన్‌వాడీ కార్యకర్తకు ప్రభుత్వం ఇచ్చేది గౌరవ వేతనం, 'ఆనరేరియం'. దాన్ని జీతం అనాలని వాళ్లు ధర్నాలు చేస్తున్నారంటే, దగ్గరి మాటల మధ్య తేడా ఎంత దూరం పోతుందో చూడండి. సినిమా హీరోకు ఇచ్చేది మన పేపర్లలో పారితోషికం, 'రెమ్యునరేషన్'. రిటైరయ్యాక పింఛను.

ఇక మన చేతి నుంచి పోయేవి. బస్సు, ఆటో, రైలు, విమానం ఎక్కితే 'ఫేర్'. 'బస్ ఛార్జీలు పెరిగాయి' అని మనం అంటాం, ఇంగ్లిష్ పేపర్లో అది 'బస్ ఫేర్స్'. పాత ఇంగ్లిష్‌లో ప్రయాణం చేయడానికి ఉన్న క్రియ నుంచే 'ఫేర్' పుట్టింది, అది గుర్తుంటే మళ్లీ మర్చిపోరు. బడికి, డాక్టరుకు, లాయరుకు ఇచ్చేది 'ఫీ'. రోడ్డు మీద గేటు దగ్గర కట్టేది 'టోల్'. హెల్మెట్ లేకపోతే కట్టేది 'ఫైన్'. వస్తువు మీద రాసి ఉన్నది 'ప్రైస్'. మొత్తం మీద మనకు పడింది 'కాస్ట్'. ఇల్లు కట్టడానికి నలభై లక్షలైతే అది 'కాస్ట్', అదే ఇంటిని అమ్మకానికి పెట్టి అరవై లక్షలంటే అది 'ప్రైస్'.

పిల్లల్ని అమెరికా పంపేవాళ్లకు ఒక జాగ్రత్త. మన దగ్గర ట్యూషన్ అంటే సాయంత్రం మాస్టారింట్లో చెప్పుకునే చదువు. అక్కడి యూనివర్సిటీ కాగితాల్లో 'ట్యూషన్' అంటే కట్టాల్సిన ఫీజు. అందులో ఉన్న అంకె ప్రైవేటు మాస్టారిది అనుకుని దాన్ని పక్కన పెట్టి బడ్జెట్ వేసుకోకండి.

6వ అడుగు: మాట రంగు, మాట బరువు

వాసన, కంపు, పరిమళం. ముక్కుకు తగిలేది ఒకటే రకం సంగతి, మెచ్చుకుంటున్నామా ముక్కు మూసుకుంటున్నామా అన్నది మాటలోనే ఉంది. 'స్మెల్' మన వాసన లాంటిది, దేనికైనా నడుస్తుంది. 'స్టింక్' కంపు. 'ఫ్రేగ్రన్స్' పరిమళం. 'ఓడర్' కాగితాల్లో, ల్యాబుల్లో కనబడే మాట, ఎక్కువగా చెడ్డవైపే మొగ్గుతుంది. చుట్టాలింట్లో పులిహోర బాగుందని చెప్పడానికి 'వాట్ ఎ నైస్ ఓడర్' అంటే ఆ గిన్నె మీ ముందు నుంచి తీసేస్తారు.

మనుషుల గురించి అనేటప్పుడు ఇంకా జాగ్రత్త. నాజూగ్గా ఉంది అంటే 'స్లిమ్'. సన్నగా ఉంది అంటే 'థిన్'. ఎముకల గూడులా ఉంది అంటే 'స్కిన్నీ'. 'చీప్' కూడా ఇలాంటిదే. ధర తక్కువని చెప్పబోయి, సరుకు నాసిరకం అన్న రంగు పూసేస్తుంది. స్నేహితుడి కొత్త చొక్కా గురించైతే 'గుడ్ ప్రైస్' అనడం క్షేమం.

రంగు సరే, బరువు అంటే? 'బై', 'పర్చేస్' రెండూ కొనడమే. కూరగాయలు 'బై' చేస్తాం, కంపెనీ యంత్రాలు 'పర్చేస్' చేస్తుంది. దీనికి వెనక చరిత్ర ఉంది. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక రాజాస్థానంలో, కోర్టుల్లో ఫ్రెంచి కూర్చుంది. ఇళ్లల్లో, పొలాల్లో పాత ఇంగ్లిషే మిగిలింది. చదువుల్లో లాటిన్ ఎటూ ఉంది. అందుకే చాలా పనులకు ఇంటి మాట ఒకటి, కచేరీ మాట ఒకటి, పండితుల మాట ఒకటి చేరాయి. 'ఆస్క్' ఇంటిది, 'క్వశ్చన్' ఫ్రెంచి నుంచి వచ్చింది, 'ఇంటరాగేట్' లాటిన్‌ది. అమ్మ 'ఆస్క్' చేస్తుంది, జర్నలిస్టు 'క్వశ్చన్' చేస్తాడు, పోలీసులు 'ఇంటరాగేట్' చేస్తారు.

మనకిది కొత్తేం కాదు. కొనడం తెలుగు, ఖరీదు పారసీ నుంచి వచ్చింది, క్రయం సంస్కృతం. సంతలో కొంటాం, రిజిస్ట్రేషన్ ఆఫీసులో క్రయ దస్తావేజు రాయిస్తాం. ఇంగ్లిష్ మాట పొట్టిగా, మొరటుగా ఉంటే ఇంటిదని, పొడుగ్గా ఉంటే ఆఫీసుదని ఒక ఉజ్జాయింపు లెక్క వేసుకోవచ్చు. లెక్క తప్పే చోట్లూ ఉంటాయి, కానీ వాట్సాప్‌లో స్నేహితుడికి 'ఐ పర్చేస్డ్ టొమాటోస్' అని రాయకుండా కాపాడుతుంది.

7వ అడుగు: మన ఇంట్లో తిరిగే ఇంగ్లిష్‌ను నమ్మకండి

అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసేవి ఇవి, ఎందుకంటే వచ్చేసినట్టే ఉంటాయి. 'టెన్షన్‌గా ఉంది' అని రోజూ అంటాం. ఇంగ్లిష్‌లో 'ఐ యామ్ టెన్షన్' కుదరదు. పరీక్ష రిజల్ట్ గురించైతే 'ఐ యామ్ వరీడ్', స్టేజి ఎక్కే ముందైతే 'నర్వస్', పని ఒత్తిడైతే 'స్ట్రెస్డ్'. 'టెన్షన్' అనే మాట అక్కడ ఎక్కువగా ఇద్దరి మధ్యో, రెండు దేశాల మధ్యో ఉండే బిగింపుకు వాడతారు.

'వాడు ఫీలయ్యాడు' అంటే మన దగ్గర నొచ్చుకున్నాడని. ఇంగ్లిష్‌లో 'హి ఫెల్ట్' అని ఆపేస్తే వినేవాడు ఇంకా ఎదురుచూస్తుంటాడు, ఏమని ఫీలయ్యాడని. 'హి ఫెల్ట్ హర్ట్' అనాలి. 'కరెంట్ పోయింది' అన్నచోట 'ద పవర్ ఈజ్ అవుట్'. టిఫిన్ తినడానికి వెళ్లే హోటల్ అక్కడ 'రెస్టారెంట్', అక్కడివాళ్ల 'హోటల్' అంటే పడుకోవడానికి గది ఇచ్చేది. 'డౌట్' సంగతి నాకు అనుభవంలోకి వచ్చిందని ముందే చెప్పాను. మన దేశంలో 'ఐ హావ్ ఎ డౌట్' అంటే ఏ మాస్టారికైనా అర్థమవుతుంది, ఇక్కడ అనండి, తప్పేం లేదు. బయటి దేశాలవాళ్లతో ఉన్నప్పుడే 'క్వశ్చన్' బయటికి తీయండి.

8వ అడుగు: ఒక్కో గుంపుకు ఒక్కో పేజీ

నా నోటుబుక్కులో 'గుర్తు' పేజీ ఎలా ఉందో ఉన్నదున్నట్టు చూపిస్తాను.

పేజీ పైన మధ్యలో తెలుగు మాట: గుర్తు. దాని కింద తెలుగు చీలికలు నాలుగు: గుర్తుండటం, గుర్తుచేయడం, గుర్తుపట్టడం, గుర్తుకు రావడం. ఒక్కోదాని ఎదురుగా ఇంగ్లిష్ మాట. గుర్తుండటం 'రిమెంబర్'. గుర్తుచేయడం 'రిమైండ్'. గుర్తుపట్టడం 'రికగ్నైజ్'. గుర్తుకు రావడం దగ్గర చాలాసేపు ఆగాను. దానికీ 'రిమెంబర్' సరిపోతుంది, 'ఓహ్, ఐ జస్ట్ రిమెంబర్డ్' అంటారు.

తర్వాత ఎర్ర పెన్ను గీత: 'రేపు నాకు రిమెంబర్ చెయ్' అనకూడదు. 'రిమైండ్ మీ టుమారో.' 'రిమైండ్' తర్వాత మనిషి తప్పనిసరి, 'టెల్' లాగే. ఒక మనిషిని చూస్తే ఇంకొకరు గుర్తొస్తే, 'యూ రిమైండ్ మీ ఆఫ్ మై బ్రదర్'. 'ఆఫ్' మర్చిపోతే, మా తమ్ముణ్ని నాకు గుర్తుచెయ్ అన్నట్టు ముక్కలైపోతుంది.

పేజీ అడుగున, అన్నిటికంటే పనికొచ్చిన రెండు వాక్యాలు. 'ఐ రిమెంబర్డ్ టు లాక్ ద డోర్' అంటే తాళం వేయడం మర్చిపోలేదు, వేశాను. 'ఐ రిమెంబర్ లాకింగ్ ద డోర్' అంటే తాళం వేసినట్టు గుర్తుంది. ఊరెళ్తూ బస్సు సగం దూరం పోయాక మనకు వచ్చేది ఎప్పుడూ రెండోదే. 'టు' వస్తే చేయాల్సిన పని, 'ఇంగ్' వస్తే చేసేసిన పని. ఈ తేడా వ్యాకరణం పుస్తకంలో రెండు పేజీలు ఉంటుంది, నాకు మాత్రం ఆ తాళంతోనే ఎక్కింది.

పేజీ అంతే. చీలికలు, ఎర్ర గీత, సొంత వాక్యాలు రెండు. రంగురంగుల స్టిక్కర్లు అతికించి అందంగా చేసే పని పెట్టుకుంటే మూడో పేజీకే ఆగిపోతారు, నేను చూశాను.

9వ అడుగు: నోటికి తెచ్చుకోవడం

పేజీ రాసిన రోజు రాత్రి, ఆ రోజు జరిగినవి నాలుగు వాక్యాల్లో పైకి చెప్పండి. రాసిన గుంపులోని మాటలన్నీ అందులో పడాలి. 'చెప్పు' గుంపైతే ఎవరేమన్నారో చెప్పండి, 'చూడు' గుంపైతే దారిలో ఏం కనబడిందో చెప్పండి. ఫోన్లో రికార్డు చేసుకుని పొద్దున్నే వింటే తప్పు మీకే తగులుతుంది. వారం తర్వాత అదే పేజీని కుడివైపు చేత్తో మూసి, ఎడమవైపు తెలుగు చీలికలు మాత్రమే చూస్తూ ఇంగ్లిష్ చెప్పండి. వచ్చేసిన పేజీకి టిక్కు పెట్టి వదిలేయండి. నెలకు నాలుగు గుంపులు చాలు.

ఇప్పుడే ఒకసారి ప్రయత్నించండి. కింది ఐదు వాక్యాలూ ఇంగ్లిష్‌లో చెప్పి, ఆ తర్వాతే జవాబులు చదవండి.

1. రేపు ఫీజు కట్టాలని నాన్నకు గుర్తుచెయ్యి.
2. గేటు మీద కుక్క ఉందని రాసుంది.
3. వాడు నాతో అబద్ధం చెప్పాడు.
4. పక్కింటివాళ్లు నిచ్చెన అడుగుతున్నారు, ఇవ్వనా?
5. నిన్న సంతలో మీ మామయ్య కనబడ్డాడు.

మొదటిది 'రిమైండ్ డాడ్ టు పే ద ఫీ టుమారో'. రెండోదాంట్లో గేటు మీది బోర్డుకు నోరివ్వాలి, 'ద సైన్ ఆన్ ద గేట్ సేస్ దేర్ ఈజ్ ఎ డాగ్'. మూడోది 'హి టోల్డ్ మీ ఎ లై'. 'హి లైడ్ టు మీ' అన్నా మంచిదే, ఇంకా పొట్టి. నాలుగోదాంట్లో రెండు దిశలూ ఉన్నాయి. 'ద నైబర్స్ వాంట్ టు బారో అవర్ ల్యాడర్. షల్ ఐ లెండ్ ఇట్ టు దెమ్?'

ఐదోదానికి 'ఐ సా యువర్ అంకుల్ ఎట్ ద మార్కెట్ ఎస్టర్‌డే' అని ఉంటారు. 'సా' సరైనదే, ప్రయత్నం లేకుండా కంట్లో పడ్డాడు. చిక్కు 'అంకుల్' దగ్గర. ఇన్నాళ్లూ తెలుగు ఒకటి, ఇంగ్లిష్ నాలుగు అని విడదీశాం. ఇక్కడ బాబాయ్, పెదనాన్న, మేనమామ, మేనత్త భర్త అందరూ ఒక్క 'అంకుల్' కింద చేరిపోతారు. పైగా పిల్లనిచ్చిన మామను కూడా మనం మామయ్యా అనే పిలుస్తాం, ఆయన మాత్రం 'అంకుల్' కాదు, 'ఫాదర్-ఇన్-లా'. తెలుగు వాక్యంలో ఆ సంగతి లేదు. ఏ మామయ్యో ముందు అడిగి తెలుసుకుని అప్పుడు రాయండి.